ఒపీనియన్: అటక మీద పాత కెమెరాకి రేటు కట్టాల్సింది వైరల్ వీడియో కాదు, మీ ఫోన్ టార్చ్

సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. కోనసీమలో అంబాజీపేట దగ్గర. భోజనాలయ్యాక మావయ్య లోపలికెళ్లి, తోలు కవర్లో ఉన్న బరువైన వస్తువు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏరా అబ్బాయ్, ఫోన్లకి రివ్యూలు రాస్తావు కదా. దీనికి ఎంతొస్తదో చెప్పు."

కవర్ విప్పితే యాషికా ఎలక్ట్రో 35. మావయ్య 1980లో కువైట్ వెళ్లినప్పుడు అక్కడ కొన్నదట. 1986 వరదలో అటక మీద ఉండి బతికింది. 1996 నవంబర్ తుఫానులో పెంకులు ఎగిరిపోయిన రాత్రి అత్తయ్య దీన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించిందట. ఆల్బమ్‌లు మాత్రం దక్కలేదు. తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయిపోయాయి.

కథ ఇక్కడితో అయిపోతే ఎమోషనల్ పోస్ట్ అయ్యేది. కానీ మావయ్య ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. "ఈ కెమెరా మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారి" అని థంబ్‌నెయిల్. అంతకు వారం ముందు పాత సామాన్లు కొనేవాడు వచ్చి ఇదే కెమెరాకి 800 ఇస్తానన్నాడట. ఒకరు 800, ఇంకొకరు లక్ష. మావయ్య లక్షనే నమ్మాడు. ఎందుకంటే అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ చేయించాలి. ఆ లెక్కలో ఈ కెమెరా కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచి నా ఒపీనియన్ ఒకటే. పాత కెమెరా విషయంలో "చెత్త" అనేవాడూ "లక్షలు" అనేవాడూ ఇద్దరూ చేసేది ఒకే తప్పు. ఇద్దరూ పేరు చూసి మాట్లాడతారు, వస్తువుని చూడరు. మనం గాడ్జెట్ మనుషులం కాబట్టి స్పెక్ షీట్ చూసి రేటు ఊహించడం అలవాటు. కానీ నలభై ఐదేళ్ల కెమెరాకి స్పెక్ షీట్ సగం కథే. మిగతా సగం కండిషన్. మన డెల్టాలో అయితే సగం కంటే ఎక్కువే.

ముందు అసలు ప్రశ్న: అది రేంజ్‌ఫైండరేనా?

మన దగ్గర పాత కెమెరా ఏది కనిపించినా "యాషికా" అనేస్తారు, జిరాక్స్ అన్నట్టు. ఎక్కువ ఇళ్లలో దొరికేది యాషికా ఎంఎఫ్-2. ప్లాస్టిక్ బాడీ, పక్కన ఫ్లాష్. అది ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరా, రేంజ్‌ఫైండర్ కాదు. మన దేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్ III కూడా కాదు. అది 120 ఫిల్మ్ వాడే సింపుల్ బాక్స్ కెమెరా. వీటికి జ్ఞాపకాల విలువ ఉంటుంది, మార్కెట్ విలువ తక్కువ.

రేంజ్‌ఫైండర్‌ని గుర్తుపట్టడం ఈజీ. ముందు వైపు, లెన్స్ పైన రెండు కిటికీలు ఉంటాయి. ఒకటి మీరు చూసే వ్యూఫైండర్‌ది, రెండోది కాస్త దూరంగా చిన్నగా ఉంటుంది. వ్యూఫైండర్‌లో చూస్తే మధ్యలో చిన్న లేత రంగు గడి, అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ మీద ఫోకస్ రింగ్ తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ జరుగుతూ వచ్చి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు.

ఇది మీకు తెలియని టెక్నాలజీ ఏమీ కాదు. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్ నుంచి డ్యూయల్ కెమెరా ఫోన్లు పోర్ట్రెయిట్ మోడ్‌లో చేస్తున్నదీ ఇదే లెక్క. పక్కపక్కన ఉన్న రెండు కళ్లకి ఒకే వస్తువు కొంచెం తేడాగా కనిపిస్తుంది, ఆ తేడాని బట్టి దూరం తెలుస్తుంది. ఫోన్లో ప్రాసెసర్ చేసే పని ఇక్కడ అద్దాలు, లివర్లు, మీ వేళ్లు చేస్తాయి.

మోడల్ పేరు ఎక్కడ చదవాలి?

వెనక తలుపు తెరిచే ముందు ఒక్క పని. రివైండ్ క్రాంక్‌ని బాణం గుర్తు ఉన్న వైపు నెమ్మదిగా కొంచెం తిప్పి చూడండి. బిగుతుగా పట్టుకుంటే లోపల రోల్ ఉన్నట్టే, తెరవకండి. తెరిస్తే ఎవరివో ఫోటోలు వెలుతురు తగిలి పోతాయి. సినిమాలో అయితే మా కెమెరాలో ఒక రోల్ దొరికేది, అందులో అమ్మమ్మ ఫోటో ఉండేది. మా క్రాంక్ ఖాళీగా గిరగిరా తిరిగింది.

తర్వాత లెన్స్ ముందు రింగు చదవండి. మావయ్య దాని మీద కలర్-యాషినాన్ డీఎక్స్, 1:1.7, 45 ఎంఎం అని ఉంది. ఎలక్ట్రో 35 మొదటి మోడల్ 1966లో వచ్చింది. తర్వాత చాలా వేరియంట్లు వచ్చాయి, అన్నీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్యలో మెటల్ కాంటాక్ట్ ఉంటే అది హాట్ షూ. వెండి రంగు బాడీ, హాట్ షూ ఉంటే 1973లో వచ్చిన జీఎస్ఎన్. అదే నలుపు రంగులో ఉంటే జీటీఎన్, దానికి కాస్త ఎక్కువ రేటు పలుకుతుంది. మాది వెండి రంగు జీఎస్ఎన్.

ఇప్పుడు చేదు నిజం. ఇది లక్షల సంఖ్యలో తయారైన మోడల్. మంచి లెన్స్, మంచి కెమెరా, కానీ అరుదైనది కాదు. "పాతది" వేరు, "అరుదైనది" వేరు. వీడియోలు కావాలనే ఈ రెండిటినీ కలిపేస్తాయి.

డెల్టాలో అసలు విలన్: బూజు

మన గోదావరి గాలి గురించి మీకు చెప్పక్కర్లేదు. అప్పడాలు గంటలో మెత్తబడే ఊళ్లు మనవి. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే లెన్స్ లోపల ఫంగస్ పట్టడానికి అనుకూలం. అది గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది. మొదట్లో తుడిస్తే పోతుంది, ముదిరితే మచ్చ శాశ్వతం.

అందుకే నా మొదటి టూల్ ఫోన్ టార్చ్. వెనక తలుపు తీసి, అపర్చర్ 1.7 దగ్గర పెట్టి, మోడ్ బీ మీద పెట్టి షట్టర్ బటన్ నొక్కి పట్టుకోండి. షట్టర్ తెరుచుకునే ఉంటుంది. వెనక నుంచి టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. ఫోన్లో మాక్రో మోడ్ ఉంటే ఫోటో తీసుకోండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్. పొగమంచులా ఉంటే హేజ్. చిన్న చిన్న దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోవద్దు, ఫోటోలో తేడా రాదు.

మావయ్య కెమెరాలో అంచున పోగులు ఉన్నాయి. మధ్యలో శుభ్రం. కారణం ఆ తోలు కవరే. మనం భద్రంగా ఉంటుందని కవర్లో పెడతాం, తోలు తేమ పీల్చుకుని కెమెరాకి ఏళ్ల తరబడి తడి దుప్పటి కప్పినట్టు అవుతుంది. దాచాలంటే కవర్ వేరు, కెమెరా వేరు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ ప్యాకెట్లు చాలు. తుఫాను రాత్రి బియ్యం డబ్బా కాపాడింది నిజమే కానీ, రోజూ దాచడానికి బియ్యం వద్దు. దాని పొడి లోపలికి పోతుంది.

ఐదు చెక్‌లు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు

ఒకటి, బ్యాటరీ గది. ఈ కెమెరాకి అప్పట్లో 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ వాడేవారు. అది ఇప్పుడు రాదు. 6 వోల్టుల 4ఎల్ఆర్44 బ్యాటరీ పెట్టి, మిగిలిన ఖాళీలో చిన్న స్ప్రింగో, గట్టిగా చుట్టిన అల్యూమినియం ఫాయిలో పెడితే పని చేస్తుంది. గదిలో ఆకుపచ్చ చిలుము ఉంటే ముందు గీకి శుభ్రం చేయాలి. మాకు ఉంది. వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచి ఆరబెడితే దారికొచ్చింది.

రెండు, లైట్లు. షట్టర్ బటన్ సగం నొక్కితే వెలుతురు ఎక్కువైతే ఎర్ర బాణం, తక్కువైతే పసుపు బాణం వెలగాలి. ఏవీ వెలగకపోతే సర్క్యూట్ మీద అనుమానం. బ్యాటరీ లేకుండా కూడా ఈ కెమెరా "టిక్" అంటుంది. అప్పుడు ఆటో మోడ్‌లో 1/500 సెకను స్పీడ్ ఒక్కటే పని చేస్తుంది. "క్లిక్ అవుతోంది కాబట్టి వర్కింగ్" అని అమ్మేవాళ్లని నమ్మొద్దు అనేది అందుకే.

మూడు, షట్టర్ స్పీడ్. ఇది మన ఫోన్ చేయగల సూపర్ పని. మోడ్‌ని ఫ్లాష్ గుర్తు మీద పెడితే షట్టర్ 1/30 సెకను తెరుచుకోవాలి. వెనక తలుపు తీసి, 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్‌లో రికార్డ్ చేయండి. సుమారు 8 ఫ్రేముల్లో వెలుతురు కనిపించాలి. మాకు 8 వచ్చాయి. మావయ్య ముఖం వెలిగింది.

నాలుగు, శబ్దం. ఫిల్మ్ లివర్ తిప్పేటప్పుడు చివర్లో లోపల "టక్" అని ఒక శబ్దం రావాలి. రాకపోతే లోపల ఉండే చిన్న రబ్బరు ముక్క కరిగిపోయినట్టు. ఈ మోడల్‌కి ఉన్న ఫేమస్ జబ్బు ఇది. ఎక్స్‌పోజర్ తప్పుతుంది. మాకు శబ్దం రాలేదు. మూడుసార్లు తిప్పాను, రాలేదు.

ఐదు, ఫోకస్. సాయంత్రం పి.గన్నవరం అక్విడక్టు దాకా వెళ్లాం. వైనతేయ మీద నిలబడి, దూరంగా అవతల ఉన్న సెల్ టవర్ మీద గడి పెట్టి, ఫోకస్ రింగ్‌ని ఇన్ఫినిటీ దాకా తిప్పాను. రెండు టవర్లూ ఒకటైపోవాలి. పక్కకి బాగానే కలిశాయి, పైకీ కిందకీ మాత్రం వెంట్రుక వాసి తేడా. సర్దించుకోవచ్చు. రేంజ్‌ఫైండర్ టెస్ట్ చేయడానికి గోదావరి గట్టు కంటే మంచి ల్యాబ్ నాకు తెలియదు. దూరంగా చూడ్డానికి అడ్డం ఏదీ ఉండదు.

మరి లక్షలు, కోట్లు పలికేవి ఏవి?

ఉన్నాయి. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్లార్‌లో జరిగిన వేలంలో ఒక లైకా కెమెరా 1.44 కోట్ల యూరోలకి పోయింది. మన డబ్బుల్లో వంద కోట్లకి పైనే. కానీ అది 1923 నాటి జీరో సిరీస్‌లో 105 నంబర్ కెమెరా. ఆ సిరీస్‌లో తయారైనవే దాదాపు 23. పైగా లైకాని రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడినది. ఇంకో తమాషా, అందులో రేంజ్‌ఫైండర్ లేనే లేదు. లైకాలో ఫోకస్‌తో కలిసి పనిచేసే రేంజ్‌ఫైండర్ వచ్చింది 1932లో, లైకా II తో. వీడియో చేసేవాళ్లు ఈ వంద కోట్ల హెడ్‌లైన్ చూపించి మీ అటక మీద ఉన్న దానికి ముడిపెడతారు.

ఈ పిచ్చిలో ఇంకో ప్రమాదం దొంగ లైకా. షావోమీ ఫోన్ల వెనక లైకా పేరు చూసి పెరిగిన మనకి ఆ పేరు కనిపిస్తే చెయ్యి ఆగదు. రాజమండ్రిలో నా ఫ్రెండ్ ఒకడికి బంగారు రంగు లైకా 60 వేలకి ఇస్తామన్నారు. మీద గద్ద బొమ్మ, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అని చెక్కి ఉంది. వాడు అడ్వాన్స్ కట్టే ముందు నాకు ఫోటో పెట్టాడు.

సోవియట్ యూనియన్‌లో 1934 నుంచి ఖార్కివ్‌లో ఫెడ్, 1948 నుంచి మాస్కో దగ్గర జోర్కీ అనే కెమెరాలు లైకా II ని చూసి తయారు చేశారు. అవి నిజాయితీగల కెమెరాలే. తర్వాత ఎవరో వాటి పేరు చెరిపి, లైకా అని చెక్కి, బంగారు పూత పూసి అమ్మడం మొదలుపెట్టారు. కనిపెట్టే పద్ధతి ఒకటుంది. లెన్స్ మరలు తిప్పి ఊడదీసి, లోపల పై భాగంలో లెన్స్‌ని తాకే చిన్న చెయ్యి చూడండి. లైకాలో దాని చివర గుండ్రంగా తిరిగే చక్రం ఉంటుంది. ఫెడ్, జోర్కీల్లో చక్రం బదులు నాలుకలాంటి లోహపు ముక్క ఉంటుంది. మా ఫ్రెండ్‌కి చూపించిన దానిలో నాలుకే ఉంది. 60 వేలు మిగిలాయి.

రేటు ఎలా కట్టాను?

ఆన్‌లైన్‌లో కనిపించేది అమ్మేవాడి ఆశ. నిజమైన రేటు "అమ్ముడైపోయింది" అని ఉన్న లిస్టింగ్‌లలో ఉంటుంది. ఒక్క 25 వేల లిస్టింగ్ చూసి రేటు ఫిక్స్ అవ్వకండి, అది రెండేళ్లుగా అక్కడే ఉండొచ్చు. అమ్ముడైనవి పది చూసి, మీ కెమెరా కండిషన్‌కి దగ్గరున్నవి తీసుకోండి.

నేను చూసినంతలో, పూర్తిగా పనిచేసే శుభ్రమైన జీఎస్ఎన్ 8 నుంచి 10 వేల దాకా పోతోంది. టెస్ట్ చేయనివి, లోపాలున్నవి 2 నుంచి 4 వేలు. మాది అంచు ఫంగస్, రబ్బరు పోయింది, కానీ సర్క్యూట్ బతికుంది. నా లెక్క 4 వేలు. రిపేర్ చేయించి అమ్మొచ్చు కదా అంటారా? రిపేర్‌కి రెండు మూడు వేలు, కొరియర్, ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. మిగిలేది తక్కువ, రిస్క్ ఎక్కువ.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ కెమెరా నాకు కావాలనిపించింది. బాగా. అందుకే మావయ్యకి రేటు చెప్పే ముందు ఇదీ చెప్పాను: "మావయ్యా, నాకూ దీని మీద మనసుంది. కాబట్టి నేను చెప్పిన రేటు ఒక్కటే నమ్మకు. ఇదిగో ఈ లిస్టింగులు నువ్వే చూడు. నేనైతే కొనను." రేటు చెప్పేవాడే కొనేవాడు అయితే ఆ రేటు ఎప్పుడూ సరైనది కాదు. పాత సామాన్లవాడి 800 కీ, నేను మనసులో దాచుకోబోయిన ఆశకీ పెద్ద తేడా లేదు.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్లో లిస్టింగులు ఒక్కొక్కటీ కిందికి జరుపుతూ చూశాడు. లక్ష అనుకున్నవాడికి నాలుగు వేలు అని చెప్పడం నా ఉద్యోగంలో ఇప్పటిదాకా ఇచ్చిన అన్ని నెగెటివ్ రివ్యూల కంటే కష్టం. చివరికి అన్నాడు: "పోన్లే. ఆపరేషన్‌కి ఇంకో దారి చూద్దాం. దీన్ని నమ్ముకుని ఇంకో ఆర్నెల్లు కూర్చునేవాణ్ణి."

ఆ మాటే నాకు ఈ ఆర్టికల్ రాయించింది. తప్పుడు రేటు వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. దాన్ని నమ్మి వాయిదా వేసుకున్న పని కూడా.

అమ్మేటప్పుడు దాచకండి

ఫిల్మ్ వాడే ఒక స్నేహితుడి ద్వారా అమ్మకానికి పెట్టాం. ఫంగస్ ఫోటో, చిలుము ఫోటో, స్లోమోషన్ వీడియో, "టక్ శబ్దం రావట్లేదు" అన్న మాట, అన్నీ పెట్టాం. లోపాలు చెబితే ఎవడు కొంటాడని మావయ్య భయపడ్డాడు. రెండో రోజే కాకినాడలో చదువుకునే ఒక అమ్మాయి 4,200 కి తీసుకుంది. ఒక్క రూపాయి బేరమాడలేదు. ఏం కొంటోందో ఆమెకి ముందే తెలుసు కాబట్టి.

ఆ డబ్బు అత్తయ్య ఎక్స్‌రేకీ, పరీక్షలకీ సరిపోయింది. ఆపరేషన్‌కి మిగతాది ఇంట్లో అందరం కలిసి సర్దుతున్నాం.

నా వెర్డిక్ట్: అటక మీద కెమెరా దొరికితే అరుదైనదా అని అడిగే ముందు అది ఏంటో, ఎలా ఉందో చూడండి. మీకు అమ్మే అవసరం లేకపోతే, నాలుగు వేల కోసం అమ్మకండి. రిపేర్ చేయించి వాడండి. ఒక్కో ఫోటోకి ఫిల్మ్, డెవలపింగ్, స్కానింగ్ కలిపి నలభై రూపాయల పైనే పడుతుంది కాబట్టి, నొక్కే ముందు ఆలోచించడం అలవాటవుతుంది. అవసరం ఉంటే సిగ్గుపడకుండా అమ్మండి, కానీ నిజమైన రేటుకి, నిజం చెప్పి. వచ్చే ఏడాది 2027 పుష్కరాలకి ఇలాంటివి ఘాట్లలో మళ్లీ కనిపిస్తే నాకు సంతోషమే.

పోయిన వారం ఆ అమ్మాయి రిపేర్ చేయించిన కెమెరాతో తీసిన మొదటి రోల్ నుంచి ఒక ఫోటో పంపింది. కాకినాడ దగ్గర ఉప్పుటేరులో పడవలు. మావయ్యకి ఫార్వర్డ్ చేశాను. జూమ్ చేసి చూసినట్టున్నాడు, కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఫోకస్ బానే కుదిరిందిరా."